గోలీకి దక్కిన పేరు పత్యానిది

పోచంపల్లిలోనైనా, చౌటుప్పల్‌లోనైనా, నల్లగొండలోనైనా మెడికల్ షాపుకు పోయి లివర్ టానిక్ అడిగితే డాక్టరు చీటీ చూపమనేవాళ్లు తక్కువ. ఆయుర్వేద గోలీలు ఒక వరుస, సిలిమారిన్ గోలీలు ఇంకో వరుస, ఆ పక్కనే ‘డీటాక్స్’ పొడుల డబ్బాలు. కొనేవాళ్లు రెండు రకాలు. కామెర్లు తగ్గాలని కొనేవాళ్లు కొందరు, తాగుతూనే కాలేయాన్ని కాపాడుకోవాలని కొనేవాళ్లు కొందరు. ఈ అధ్యాయం ముఖ్యంగా రెండోవాళ్ల కోసం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలో తెలంగాణలో 15 ఏళ్లు నిండిన మగవాళ్లలో 43.3 శాతం, ఆడవాళ్లలో 6.7 శాతం మద్యం తీసుకునేవాళ్లే. రాత్రి క్వార్టర్‌కు పొద్దున గోలీ చెల్లు అని వాళ్లలో ఎందరు నమ్ముతున్నారో ఏ సర్వే అడగలేదు గానీ, ఆ నమ్మకం లేకపోతే ఇన్ని డబ్బాలు అమ్ముడుపోవు. నేను చెప్పదలచింది ఒక్కటే. లివర్ గోలీల వల్ల కుదిరిందని మనం చెప్పుకునే మేలులో చాలా భాగం గోలీది కాదు, గోలీ వాడిన రోజుల్లో పాటించిన పత్యానిది. పత్యం లేకుండా గోలీ ఒక్కటే మింగితే మేలు రాదు. కొన్నిసార్లు కీడు కూడా వస్తుంది.

ముందు క్వార్టర్ సంగతి చూద్దాం. 180 మిల్లీలీటర్ల సీసా మీద 42.8 శాతం అని రాసి ఉంటుంది. అంటే అందులో 77 మిల్లీలీటర్ల ఆల్కహాలు, బరువులో సుమారు 61 గ్రాములు. సగటు మనిషి శరీరం గంటకు 7 నుంచి 10 గ్రాములకు మించి దాన్ని ఖర్చు చేయలేదు. రాత్రి 9 గంటలకు ఖాళీ చేసిన సీసాతో కాలేయం తెల్లవారుజాము దాకా కుస్తీ పడుతూనే ఉంటుంది. ఆ పనిలో ఆల్కహాలు మొదట ఎసిటాల్డిహైడ్ అనే విషంగా మారుతుంది, ఆ తర్వాతే హాని లేని ఎసిటేట్ అవుతుంది. ఈ మార్పు జరిగే క్రమంలోనే కణాల రసాయన తూకం తప్పి, కొవ్వు కరగడం ఆగి పేరుకుంటుంది. రోజూ ఎక్కువగా తాగేవాళ్లలో ఆల్కహాలును విరిచే ఇంకో ఎంజైము పెరిగి, దాని నుంచి కణాలను కాల్చే ఫ్రీ రాడికల్స్ పుట్టుకొస్తాయి. పేగు గోడ వదులై, అక్కడి సూక్ష్మజీవుల విషాలు రక్తంతో పాటు నేరుగా కాలేయానికి చేరతాయి. వాటిని ఎదుర్కోబోయి కాలేయం వాస్తుంది. వాపు ఏళ్ల తరబడి నిలిస్తే మచ్చ కడుతుంది. ఆ మచ్చ ముదిరితే సిరోసిస్. ఇన్ని దారుల్లో వచ్చే దెబ్బకు యాంటీ ఆక్సిడెంట్ గోలీ అడ్డుపడగలిగేది, పడితే గిడితే, ఒక్క దారిలో.

పోచంపల్లిలో చీరకు నూలు సిద్ధం చేసేటప్పుడు రంగు అంటకూడని చోట పోగులకు సైకిల్ ట్యూబు రబ్బరు ముక్కలు బిగించి కట్టి, ఆ తర్వాత రంగులో ముంచుతారు. కట్టు కింద పోగు తెల్లగానే మిగులుతుంది. లివర్ గోలీ కొనేవాళ్ల మనసులో ఉన్నది సరిగ్గా ఇలాంటి కట్టే: ముందే బిగిస్తే ఎంత ముంచినా లోపల మచ్చ పడదని. కాలేయానికి అలాంటి కట్టు కట్టే చోటు లేదు. అది రంగులో మునిగే పోగు కాదు, రంగు కాగే గాబు. ఆల్కహాలు చేసే హాని బయటినుంచి వచ్చి అంటుకునేది కాదు. దాన్ని విరిచే పనిలోనే, ఆ కణం లోపలే పుడుతుంది.

మరి సిలిమారిన్‌కు అంత పేరు ఎక్కడిది? ఊరికే రాలేదు. అది యూరప్‌లో మిల్క్ థిసిల్ అనే ముళ్ల మొక్క గింజల నుంచి తీసే పదార్థం. డెత్ క్యాప్ అనే విషపు పుట్టగొడుగు తిన్నవాళ్లకు దీని శుద్ధ రూపమైన సిలిబినిన్‌ను అక్కడి ఆసుపత్రుల్లో నరానికి ఎక్కిస్తారు. ఆ పుట్టగొడుగు విషం కాలేయ కణంలోకి పోవాలంటే కణం గోడ మీద ఉన్న ఒక ప్రత్యేకమైన వాకిలి గుండా పోవాలి; సిలిబినిన్ ఆ వాకిట్లో అడ్డంగా నిలబడుతుంది. ఎలుకలకు ముందు సిలిమారిన్ పెట్టి, తర్వాత కార్బన్ టెట్రాక్లోరైడ్ లాంటి విషం ఇస్తే కాలేయం తక్కువ దెబ్బతిన్నదని చూపిన ప్రయోగాలూ చాలా ఉన్నాయి. ఆల్కహాలుకు మాత్రం వాకిలితో పని లేదు. అది ఎంత చిన్న అణువంటే నీళ్లలోనూ కొవ్వులోనూ కలిసిపోయి, కణం గోడలోంచే లోపలికి ఇంకుతుంది. ఎలుక మీద ఆ విషానికి రుజువైనది మనిషి మీద ఈ విషానికి రుజువైనట్టు కాదు. డబ్బా మీది రాతలు ఈ రెండింటి మధ్య గీత చెరిపేస్తాయి.

కాబట్టి తాగి కాలేయం చెడిన మనుషుల మీద చేసిన పరీక్షలనే చూడాలి. న్యాయంగా చెప్పాలంటే మొదటి ఫలితం సిలిమారిన్ వైపే ఉంది. 1989లో వియన్నా వైద్యులు 170 మంది సిరోసిస్ రోగులతో చేసిన పరీక్షలో నాలుగేళ్ల తర్వాత సిలిమారిన్ వాడినవాళ్లలో 58 శాతం, ఉత్తుత్తి గోలీ వాడినవాళ్లలో 39 శాతం బతికి ఉన్నారు. గోలీల ప్రచారం ఈ ఒక్క అంకె దగ్గరే ఆగిపోతుంది. 1998లో స్పెయిన్‌లో, ఈసారి పూర్తిగా తాగుడు వల్ల సిరోసిస్ వచ్చిన 200 మందికి రోజుకు 450 మిల్లీగ్రాముల చొప్పున రెండేళ్లు ఇచ్చి చూశారు. ప్రాణం నిలవడంలో ఏ తేడా కనిపించలేదు. ఆ తర్వాత కోక్రేన్ సంస్థ 13 పరీక్షలను, 915 మంది రోగులను ఒక్కచోట చేర్చి లెక్క కట్టినా మరణాలు తగ్గాయన్న రుజువు దొరకలేదు. మన దేశంలో 1955 నుంచి అమ్ముడవుతున్న లివ్.52 అనే లివర్ గోలీని శ్రీలంక వైద్యులు తాగుడు వల్ల కాలేయం చెడిన 80 మందికి ఆరు నెలలు ఇచ్చి, ఉత్తుత్తి గోలీతో పోల్చి 2003లో ఫలితం ప్రకటించారు, తేడా లేదు. అంతకు ముందు 1997లో బయటికొచ్చిన ఒక యూరప్ పరీక్షలో, సిరోసిస్ బాగా ముదిరినవాళ్లలో అదే ఔషధం వాడినవాళ్ల మరణాలే ఎక్కువగా కనిపించాయి. కొద్దిమంది లెక్క కాబట్టి ఆ గోలీయే చంపిందని ఎవరూ తేల్చి చెప్పలేరు. కానీ జబ్బు ముదిరినవాడికి ‘వాడితే పోయేదేముంది’ అని సలహా ఇచ్చేముందు ఆ లెక్క గుర్తుండాలి.

వీటి పక్కన ఇంకో అంకె పెట్టి చూడండి. 1968లో అమెరికాలోని యేల్ వైద్యులు తాగుడు సిరోసిస్ రోగుల ఆయుష్షు లెక్క ప్రకటించారు. తాగుడు మానినవాళ్లలో ఐదేళ్లకు 63 శాతం బతికి ఉంటే, మాననివాళ్లలో సుమారు 40 శాతమే మిగిలారు. సిరోసిస్ దాకా పోనివాళ్ల సంగతి ఇంకా మెరుగు. కాలేయంలో ఒట్టి కొవ్వు మాత్రమే పట్టిన దశలో తాగుడు ఆపితే చాలామందిలో రెండు నుంచి ఆరు వారాల్లో ఆ కొవ్వు దిగిపోతుంది. ఏ గోలీ ఇంత మేలు చేసినట్టు ఇంతవరకు చూపలేదు.

“నేను వాడాను, నాకు ఎస్‌జీపీటీ దిగింది, రిపోర్టులు ఉన్నాయి” అనేవాళ్లు చాలామంది. అబద్ధం కాదు, కాలేయం దెబ్బను చూపే ఆ రక్తపరీక్ష అంకె నిజంగానే దిగి ఉంటుంది. ఏ రోజుల్లో దిగిందో చూడండి. రిపోర్టు చూసి భయపడ్డ మనిషి గోలీ మొదలుపెట్టిన వారమే తాగుడు తగ్గిస్తాడు, ఇంట్లోవాళ్లు కాపలా కాస్తారు, తిండి సరిగ్గా పెడతారు. అంకెలు మరీ ఎక్కువగా ఉన్నప్పుడే పరీక్ష చేయించుకుంటాం కాబట్టి, ఏమీ చేయకపోయినా తర్వాతి పరీక్షలో కొంత దిగడం మామూలే. పసరు వైద్యానికి దక్కిన పేరూ ఇలాంటిదే. కలుషిత నీటితో వచ్చే కామెర్లు చాలామందిలో కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. నేల ఉసిరి పసరు తాగిన తర్వాత తగ్గింది కాబట్టి పసరుతోనే తగ్గిందని అనుకుంటాం. నేల ఉసిరి మీద గట్టి ఆశ పుట్టిన మాట నిజమే: 1988లో మద్రాసు వైద్యులు హెపటైటిస్-బి రోగుల మీద దాని ఫలితాన్ని లాన్సెట్ పత్రికలో ప్రకటించారు. తర్వాతి పరీక్షల్లో ఆ ఫలితం నిలవలేదు. పైగా అది వైరస్ గురించిన మాట, సారా గురించినది కాదు. పసరు వైద్యుడు చెప్పే పత్యంలో అన్నిటికన్నా విలువైన మాట ‘చుక్క ముట్టొద్దు’ అనేది. ఆ మాటకు ఫీజు లేదు గనుక మనం దాన్ని లెక్కలో వేసుకోం.

అయితే పత్యంలోనూ ఒక సగం మంచిది, ఒక సగం చెడ్డది. ఉప్పు, నూనె, పప్పు, గుడ్డు అన్నీ మాన్పించి ఒట్టి మజ్జిగన్నం మీద నలభై రోజులు ఉంచే పద్ధతి తాగుడుతో చిక్కిపోయిన మనిషిని ఇంకా కుంగదీస్తుంది. పొట్టలో నీరు చేరినవాళ్లకు ఉప్పు తగ్గించాల్సిందే, కానీ మాంసకృత్తులు తగ్గించకూడదు. సిరోసిస్ ఉన్నవాళ్లకు కిలో బరువుకు 1.2 నుంచి 1.5 గ్రాముల మాంసకృత్తులు కావాలని నేటి వైద్య సూచనలు చెబుతున్నాయి. 60 కిలోల మనిషికి రోజుకు 72 నుంచి 90 గ్రాములన్నమాట. ఒక గుడ్డులో ఉండేది 6 గ్రాములు. పప్పు, పెరుగు, పల్లీలు, గుడ్లు పూటపూటకూ పడితే గానీ ఈ లెక్క తెగదు. ఇంకో సంగతి, చెడిన కాలేయం రాత్రికి సరిపడా చక్కెర దాచుకోలేదు కాబట్టి తెల్లారేసరికి శరీరం తన కండనే కరిగించుకుంటుంది. అందుకే పడుకునే ముందు ఒక చిన్న పూట తినమంటారు. లివర్ డబ్బాకు పోసే పైసలు గుడ్లకూ పల్లీలకూ మళ్లిస్తే కాలేయానికి నిజంగా చేరేది ఎక్కువ.

“ఆకులు అలములే కదా, కీడేముంది” అనే మాటకూ జవాబు ఉంది. 2021లో ముంబై వైద్యులు తిప్పతీగ వాడిన తర్వాత కాలేయం వాచిన ఆరుగురి కేసులను ప్రచురించారు. కోవిడ్ రోజుల్లో ఇంటింటా కషాయం కాగిన కాలం అది. అమెరికాలో ఔషధాల వల్ల కాలేయం చెడిన కేసులను నమోదు చేసే వైద్యుల బృందం లెక్కల్లో మూలికలు, సప్లిమెంట్ల వాటా పదేళ్లలో 7 శాతం నుంచి 20 శాతానికి పెరిగింది. గ్రీన్ టీ సారం గోలీలు, పసుపు సారం గోలీలు కూడా ఆ జాబితాలోకి ఎక్కాయి. కూరలో వేసే చిటికెడు పసుపు వేరు, సారం తీసి కుదించిన గోలీ వేరు. విటమిన్ ఏ ఎక్కువ మోతాదులో స్వయంగా కాలేయాన్ని చెరుపుతుంది, తాగుడు తోడైతే మరీ. అవసరం తేలకుండా ఐరన్ గోలీలు మింగడమూ మంచిది కాదు. మన ఆహార భద్రతా సంస్థ నియమాల ప్రకారం ఇలాంటి సప్లిమెంట్ డబ్బాల మీద ఇది వైద్య చికిత్సకు కాదని ఇంగ్లిషులో రాసి ఉండాలి. రాసే ఉంటుంది, డబ్బా వెనక, చీమ తలకాయంత అక్షరాల్లో.

ఇంతకన్నా పెద్ద కీడు మనసులో జరుగుతుంది. వ్యక్తిత్వం గురించిన పుస్తకంలో కాలేయం మాట ఎందుకంటే ఇందుకే. 2011లో తైవాన్ పరిశోధకులు పొగతాగే కొందరికి ఒట్టి గోలీ ఇచ్చారు. కొందరితో అది విటమిన్ అన్నారు, మిగతావాళ్లతో అది ఏమీ లేని గోలీ అని నిజమే చెప్పారు. విటమిన్ మింగామనుకున్నవాళ్లు ఆ తర్వాత ఎక్కువ సిగరెట్లు కాల్చారు. కాపలా ఉందనుకుంటే చెయ్యి వదులవుతుంది. లివర్ గోలీ చేసే పని కూడా ఇదే: భయాన్ని తగ్గిస్తుంది, తాగుడును కాదు. ఆ భయం మనిషికి మిగిలిన పనికొచ్చే ఆస్తి. పొద్దున అద్దంలో కళ్లు పచ్చగా ఉన్నాయేమోనని చూసుకున్న మనిషి ఆ సాయంత్రం బెల్టు షాపు ముందు ఒక్క క్షణమైనా ఆగుతాడు. గోలీ మింగినవాడు ఆ క్షణాన్ని అమ్మేసుకున్నట్టే.

ఇక అన్నిటికన్నా బరువైన ఆక్షేపణ. మగ్గం గుంటలో పొద్దుగూకేదాకా కూర్చుని నడుము పట్టుకుపోయిన మనిషికి, చీర దిగితే గానీ పైసలు రాని మనిషికి, అప్పు మీద అప్పు నెత్తినున్న మనిషికి ‘మానెయ్’ అనడం సులువు. అతడు మానలేడు, మరి కనీసం గోలీ అయినా వద్దా? ఈ ప్రశ్నలో దయ ఉంది, దాన్ని కొట్టిపారేయకూడదు. కానీ దయకు సరైన వస్తువు వేరే ఉంది. 2007లో ఇటలీ వైద్యులు తాగుడుకు బానిసలై సిరోసిస్ కూడా వచ్చిన 84 మందికి తాగాలన్న యావను తగ్గించే బాక్లోఫెన్ అనే ఔషధం ఇచ్చి చూశారు. దాన్ని వాడినవాళ్లలో 71 శాతం తాగుడు మానగలిగారు. ఉత్తుత్తి గోలీ వాడినవాళ్లలో 29 శాతం. గమనించండి, ఈ గోలీ కాలేయం మీద పనిచేయలేదు, తాగుడు మీద పనిచేసింది. దీన్ని డాక్టరు చూసి, మోతాదు కట్టి ఇవ్వాలి; మత్తు తెస్తుంది, తాగుతూ వేసుకుంటే ప్రమాదం. షాపులో అడిగి కొనుక్కునేది కాదు. ఇక తాగేవాళ్లకు తప్పకుండా కావలసిన విటమిన్ ఒకటుంది: బి1, అంటే థయమిన్. ఎక్కువగా తాగి తక్కువగా తినేవాళ్లలో ఇది అడుగంటి, నడక తూలి, చూపు చెదిరి, జ్ఞాపకం పోయే జబ్బు వస్తుంది. అది కాపాడేది మెదడును, కాలేయాన్ని కాదు. ఆసుపత్రిలో కాలేయానికి వాడే సాయం కూడా ఒకటుంది. తీవ్రమైన తాగుడు కామెర్లతో చేరిన 174 మంది మీద 2011లో ఫ్రాన్స్ వైద్యులు ప్రకటించిన పరీక్షలో, స్టెరాయిడ్‌తో పాటు ఎసిటైల్ సిస్టీన్‌ను నరానికి ఎక్కిస్తే నెల లోపు మరణాలు 24 శాతం నుంచి 8 శాతానికి తగ్గాయి. ఆరు నెలలకు వచ్చేసరికి ఆ తేడా గట్టిగా నిలవలేదు. చావు అంచున ఉన్నవాడికి సెలైన్‌లో ఎక్కించేదానికీ, పార్టీకి ముందు మింగమని అదే పేరుతో అమ్మే గోలీకీ చుట్టరికం పేరు వరకే.

మానడంలోనూ తొందర పనికిరాదు, ముఖ్యంగా మన జిల్లాల్లో. రోజూ తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపితే రెండు మూడు రోజుల్లో చేతులు వణకడం, లేనివి కనిపించడం, ఫిట్స్ రావడం జరగొచ్చు. ప్రాణం మీదికీ రావచ్చు. మన దగ్గర ఇంకో చిక్కు ఉంది: చెట్టు నుంచి దించిన కల్లు వేరు, కొన్ని కాంపౌండ్లలో దొరికే కల్తీ కల్లు వేరు. అందులో డైజిపామ్, ఆల్ప్రజోలం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తు పదార్థాలు కలుపుతారు. 2015లో కల్తీ కల్లు మీద ఎక్సైజ్ దాడులు ముమ్మరమైనప్పుడు, ఆ మత్తు ఒక్కసారిగా అందక నిజామాబాద్, మహబూబ్‌నగర్ లాంటి జిల్లాల్లో జనం పిచ్చిచూపులతో, ఫిట్స్‌తో దవాఖానలకు వచ్చారు. అంచేత కల్తీ కల్లుకు అలవాటు పడ్డవాళ్లు, పొద్దున లేవగానే చెయ్యి వణికేవాళ్లు డాక్టరు నీడలోనే మానాలి. బీబీనగర్‌లో ఎయిమ్స్ ఉంది, హైదరాబాద్‌లో ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి ఉంది. 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ టెలీమానస్ సలహాదారులు పైసా తీసుకోకుండా మాట్లాడతారు. ఎర్రగడ్డ పేరు వినగానే నవ్వే అలవాటు మనకుంది. ఆ నవ్వు చాలామందిని లివర్ టానిక్ దగ్గరే ఆపేసింది.

కాఫీ గురించి ఒక మాట, మాటవరసకు. కాలిఫోర్నియాలో లక్షా పాతికవేల మందిని గమనించిన ఒక అధ్యయనం 2006లో వచ్చింది. కాఫీ తాగేవాళ్లలో, తాగుడు వల్ల వచ్చే సిరోసిస్ రోజుకు ఒక్కో కప్పుకు 22 శాతం చొప్పున తక్కువగా కనిపించింది. టీకి ఆ ఫలితం కనిపించలేదు. ఇది గమనించిన లెక్కే, రుజువు కాదు. అయినా ఏ డబ్బా పొడి కన్నా కాఫీకే ఎక్కువ ఆధారం ఉండటం తమాషా.

చివరగా చేయాల్సిన పనులు. రక్తపరీక్షలో ఒక్క ఎస్‌జీపీటీ చూసుకుని నిశ్చింతగా ఉండకండి. సిరోసిస్ ఉన్నవాళ్లలోనూ అది మామూలుగా ఉండొచ్చు. ఎస్‌జీఓటీ దానికి రెట్టింపు దాటిందా, ప్లేట్‌లెట్లు తగ్గాయా, ఆల్బుమిన్ పడిపోయిందా, పొట్ట స్కానింగ్‌లో ఏముంది అన్నవి డాక్టరుతో కలిసి చూడాలి. తాగే అలవాటున్నవాళ్లు జ్వరానికి, తలనొప్పికి వేసే పారాసిటమాల్ మోతాదు కూడా అడిగి తెలుసుకోవాలి. తాగేవాళ్లకు కళ్లు పచ్చబడితే నలభై రోజుల పసరు కోర్సు ముగిసేదాకా ఆగకూడదు. తాగుడు కామెర్లు తీవ్రమైతే నెలలోపే ప్రాణం తీస్తాయి. నెత్తురు కక్కినా, తారులా నల్లటి విరేచనం అయినా, పొట్ట ఉబ్బినా, మాట తడబడి పగలంతా మగతగా ఉన్నా అదే రోజు దవాఖానకు తీసుకుపోవాలి. మీ ఇంట్లో లివర్ గోలీల డబ్బా ఉంటే పారేయకండి, డాక్టరు దగ్గరికి పోయేటప్పుడు వెంట తీసుకుపోయి బల్ల మీద పెట్టండి. అవి ఎన్నాళ్లుగా వాడుతున్నారో, ఆ రోజుల్లో ఎంత తాగారో రెండూ దాచకుండా చెప్పండి.